హిల్స్‌బరో మట్టి ట్రాక్ గురించి ట్రయాంగిల్ తెలుగువారికి బహిరంగ లేఖ

ట్రయాంగిల్ ప్రాంతపు తెలుగు సంఘాల పెద్దలకు, హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) బోర్డుల్లో ఉన్న మనవాళ్లకు, ఇళ్లు చూపించే తెలుగు ఏజెంట్లకు,

నమస్కారం.

రాలీ, డర్హమ్, క్యారీ, మారిస్‌విల్‌లలో బతుకమ్మ ఆడినా, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టినా అందులో మీ చెమట ఉంది. ఆ మాట ఒప్పుకుని నేరుగా విషయానికి వస్తున్నాం.

నార్త్ కరొలైనాలోని హిల్స్‌బరోలో మూతపడిన కారు పందేల మట్టి ట్రాక్, ఆకనీచీ స్పీడ్‌వే గురించి పండగ సంచికలో ఒక్క తెలుగు పేజీ అడిగాం. "చూద్దాం" అన్నారు. మరుసటి ఏడాది వేదిక మీద పది నిమిషాలు అడిగాం. ఆ ఉత్తరానికి జవాబే రాలేదు. ఈలోగా, ఇంకా పందేలు నడుస్తున్న ఒక చిన్న ట్రాక్ శబ్దం మీద పిటిషన్ మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. ఆ ట్రాక్ ఎక్కడుందో, వారంలో ఏ రోజు నడుస్తుందో తెలియనివాళ్లు కూడా లింకు నొక్కి పేరు చేర్చారు. అందుకే ఇక అందరూ చదివేలా రాస్తున్నాం.

చెప్పదలచింది ఒకటే. స్టాక్ కారు ట్రాక్ గేటుకు తాళం పడటానికి చాలా ముందే, అది ఏమిటో తెలిసినవాళ్లు దాని చుట్టూ తగ్గిపోతారు. ఈ కౌంటీల్లో ఇప్పుడు ఆ చుట్టుపక్కలవాళ్లలో మనం చాలామందిమి.

హిల్స్‌బరో మనకు ఐ-40 వెళ్లి ఐ-85లో కలిసే చోటుగానే పరిచయం. ఆ ఊరి అంచున, ఈనో నది ఒంపులో 44 ఎకరాల అడవి, అందులో నడకబాట ఉన్నాయి. బండి ఆపి చెట్ల మధ్య కాసేపు నడిస్తే, అడవిలో బాటకు ఇంత వెడల్పెందుకు, ఇంత చదునెందుకు అనిపిస్తుంది. కుడిపక్క నేల గట్టులా లేచి మీతోపాటే ఎడమకు తిరుగుతూ వస్తుంది. మీ కాళ్ల కింద ఉన్నదే ట్రాక్. ఒక చుట్టు 0.9 మైలు, అంటే 1.45 కిలోమీటర్లు. గ్యాలరీ కాంక్రీటు మెట్లు ఇంకా ఉన్నాయి. వాటి మీద కూచుంటే ఎదురుగా కార్లు తిరిగిన మైదానం కనపడాలి. కనపడేది పైన్ చెట్లు.

ఆ నేల ఒకప్పుడు డర్హమ్ పొగాకు వ్యాపారి జూలియన్ కార్ వ్యవసాయ క్షేత్రం. గుర్రాల కోసం అర మైలు బాట అక్కడ ముందే ఉండేది. ఆకనీచీ అన్నది ఆ నది ఒడ్డున ఊళ్లు కట్టుకుని బతికిన మూలవాసుల పేరు. వాళ్ల వారసులు ఇప్పటికీ ఆ చుట్టుపక్కలే ఉన్నారు. 1948లో స్టాక్ కార్ల పందేలు నడిపే నాస్కార్ సంస్థను స్థాపించిన బిల్ ఫ్రాన్స్ ఆ స్థలం చూసి పెద్ద మట్టి ట్రాక్ వేయించాడు. 1949లో నాస్కార్ 'స్ట్రిక్ట్‌లీ స్టాక్' మొదటి సీజన్‌లో మొత్తం జరిగినవి ఎనిమిది పందేలు. వాటిలో మూడోది ఆగస్టు 7న ఇక్కడ. గెలిచింది బాబ్ ఫ్లాక్. మరుసటి ఏడాది ఆగస్టులో ఫైర్‌బాల్ రాబర్ట్స్ అనే 21 ఏళ్ల కుర్రాడు తన మొదటి గెలుపు ఇక్కడే సాధించాడు. 1954లో ట్రాక్ పేరు ఆరెంజ్ స్పీడ్‌వేగా మారింది. ఆఖరి పందెం 1968 సెప్టెంబరు 15న, గెలిచినవాడు రిచర్డ్ పెటీ. ఆదివారాలు పందేలేమిటని స్థానిక పాస్టర్లు ఏళ్లకేళ్లు గొడవపడ్డారు. బిల్ ఫ్రాన్స్ అలబామాకు వెళ్లి టాలడేగాలో 2.66 మైళ్ల ట్రాక్ కట్టుకున్నాడు. 1969లో అది తెరిచారు. హిల్స్‌బరోలో గడ్డి మొలిచింది. 2002లో ఆ స్థలం అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కింది. 1949 సీజన్ ట్రాక్‌లలో మార్టిన్స్‌విల్, నార్త్ విల్క్స్‌బరో వంటివి తర్వాత తారు వేసుకున్నాయి. ఇది మాత్రం చివరిదాకా మన్నుగానే ఉంది.

స్టాక్ కారు అంటే ఏమిటో మనకు తేలిగ్గానే అర్థం కావాలి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో బండలాగుడు పోటీలకు రైతు తన ఎడ్లనే తోలుకొస్తాడు కదా, ఇదీ అంతే. షోరూములో కొన్న కారు, ఇంటికి వాడుకునే కారు. తలుపు ఊడి తెరుచుకోకుండా బెల్టుతో బిగించి కట్టేవాళ్లు, హెడ్‌లైట్ల మీద టేపు వేసేవాళ్లు. అంతకుమించి మార్చకూడదు. 1949 జూన్ 19న షార్లట్‌లో జరిగిన మొట్టమొదటి పందెంలో ముందు వచ్చింది గ్లెన్ డనవే నడిపిన ఫోర్డు. తనిఖీలో దాని వెనక స్ప్రింగులు మార్చినట్టు తేలింది. డిక్కీ నిండా నాటుసారా ఎక్కించినా వెనక భాగం కిందికి దిగకుండా ఉండటానికి అప్పట్లో సారా బళ్లకు చేసే ఏర్పాటు అది. బహుమతి రెండోవాడు జిమ్ రోపర్‌కు వెళ్లింది. అతను నడిపింది లింకన్.

కారు మార్చకపోతే విరిగేది ఎక్కడో పందెగాళ్లకు త్వరలోనే తెలిసిపోయింది. ఎప్పుడూ ఎడమకే తిరుగుతారు కాబట్టి బరువంతా కుడి ముందు చక్రం మీద పడుతుంది. షోరూము చక్రం పలుచటి రేకు. నట్లు బిగించిన రంధ్రాలు సాగి, చక్రం నట్ల మీదుగా ఊడి వచ్చేది. తర్వాత ఆ చోట మందపాటి ఇనుప ప్లేటు వెల్డింగు చేయడం మొదలైంది. ఈ రోజు మీ పిల్లలు చూసే పందెం కార్ల భద్రత ఇలాంటి ట్రాక్‌ల మీద, ఒక్కొక్కటి విరిగినప్పుడల్లా చూసి నేర్చుకున్నదే.

మట్టి ట్రాక్ విషయం ఇంకా ఎక్కువమందికి తెలియదు. నేల చదును చేసి కార్లు వదిలేస్తారనుకుంటారు. పైమన్ను మూడు నాలుగు అంగుళాల లోతు డిస్క్ నాగలితో తిరగేయాలి. ట్యాంకరుతో నీళ్లు పెట్టాలి. పైపైన చల్లితే చాలదు, కిందికి ఇంకాలి, అందుకు గంటలు ఆగాలి. తర్వాత షీప్‌ఫుట్ రోలరు తొక్కుతుంది, మన ఊళ్లలో చెరువు కట్టలకు వాడేదే. గ్రేడరు వాలు సరిచేస్తుంది. మళ్లీ పలుచగా నీళ్లు. ఆఖరున పందెం కార్లే నెమ్మదిగా కొన్ని చుట్లు తిరిగి చక్రాలతో మన్ను అణుస్తాయి. నీళ్లు తక్కువైతే ఎర్రదుమ్ము లేచి వెనక డ్రైవరుకు ముందు కారు కనపడదు. ఎక్కువైతే బురద అద్దానికి పట్టుకుంటుంది, మెత్తబడ్డ చోట చక్రాలు గాళ్లు కోస్తాయి. మలుపు మొదట్లో అలాంటి గాడిలో కుడి ముందు చక్రం పడితే కారు పల్టీ కొడుతుంది. పందెం సాగేకొద్దీ కార్లు నడిచే దారి నున్నబడి నల్లగా మెరుస్తుంది, అక్కడ పట్టు ఉండదు. చక్రాలు చిమ్మిన వదులు మన్ను బయటి అంచుకు చేరి మెత్తటి కట్టలా పేరుకుంటుంది. దాన్ని కుషన్ అంటారు. తెలివైనవాడు కుడి వెనక చక్రాన్ని దానికి ఆనించి తిప్పుకుంటాడు. దాన్ని దాటి పోయాడంటే గట్టు అవతలే.

దుమ్ము అణచడానికి మట్టి ట్రాక్‌లలో కాల్షియం క్లోరైడ్ చల్లేవాళ్లు. గాలిలో తేమ లాగి మన్నును పట్టి ఉంచే ఉప్పు అది. డబ్బు లేనిచోట వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోసేవాళ్లు. పెట్రోలులో సీసం కలిసిన రోజులవి. ఈ సంగతి ఇళ్ల ఏజెంట్లకు ఎందుకు కావాలో కింద చెబుతాం.

మూతపడ్డ ట్రాక్ గతి మూడు రకాలు. మూడూ మన రాష్ట్రంలోనే ఉన్నాయి.

ఒకటి హిల్స్‌బరో. నేల మిగిలింది, పందెం పోయింది.

రెండు, రాలీ స్పీడ్‌వే. నగరానికి ఉత్తరాన ఒక మైలు చుట్టు, తారు ట్రాక్. 1950ల్లో జూలై 4 పందేలు జరిగింది అక్కడే. 1958 జూలై 4న ఆఖరు. మరుసటి ఏడాది నుంచి ఆ తేదీ ఫ్లోరిడాలోని డేటోనాకు పోయింది. ఇప్పుడు రాలీలో ఆ చోట నిలబడ్డవాడికి అది ట్రాక్ అని చెప్పే ఆనవాలు ఏదీ కంటికి ఆనదు. హైదరాబాదులో మాసబ్ ట్యాంక్ అన్న పేరుంది, ట్యాంకు లేదు. ఇక్కడ చాలామంది నోళ్లలో ఆ పేరు కూడా లేదు.

మూడు, నార్త్ విల్క్స్‌బరో. 1947లో తెరిచిన ఈ 0.625 మైలు ట్రాక్‌కు 1996 తర్వాత ఇరవై ఏళ్లకు పైగా పెద్ద పందేలు లేవు. ఇద్దరు వ్యాపారులు కొని పందెం తేదీలను న్యూ హాంప్‌షైర్‌కు, టెక్సస్‌కు తరలించారు. గ్యాలరీలు కుళ్లిపోయాయి, ట్రాక్ పగుళ్లలో చెట్లు లేచాయి. 2019 డిసెంబరులో పేరున్న నాస్కార్ డ్రైవరు డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ కొందరిని పోగేసి కలుపు పీకించి, కంప్యూటర్ ఆట కోసం లేజరుతో ట్రాక్‌ను స్కాన్ చేయించాడు. ఒక్క రోజు గడ్డి పీకుడుతో మొదలైన కదలిక అది. 2021లో రాష్ట్రం ఆ ట్రాక్‌కు 1.8 కోట్ల డాలర్లు కేటాయించింది. 2022 ఆగస్టులో పందేలు మళ్లీ మొదలయ్యాయి, 2023 మే 21న నాస్కార్ ఆల్ స్టార్ పందెమే అక్కడ జరిగింది. హిల్స్‌బరోలో పందేలు మళ్లీ పెట్టమని మేం అడగడం లేదు. అక్కడిప్పుడు అడవి ఉంది, అడవిగానే ఉండాలి. కానీ రాలీకి పట్టిన గతి మిగతా చోట్ల పట్టకూడదు.

మామూలు మనుషులకు ఇందులో పోయేదేమిటో చెబుతాం.

1. చిన్న ట్రాక్‌లో పందెం కారు నడిపేది కోటీశ్వరుడు కాదు. టైర్ల షాపులో పనిచేసేవాడు, వెల్డరు, ఏసీ మెకానిక్, స్కూలు బస్సు డ్రైవరు. వారమంతా సాయంత్రాలు గరాజులో పనిచేసి శనివారం రాత్రి కారు తెస్తాడు. ట్రాక్ మూస్తే అతను ఇంకో ట్రాక్‌కు ట్రెయిలర్ మీద కారు లాక్కుంటూ రెండు మూడు గంటలు పోవాలి. డీజిలు, టైర్లు, ఒక పూట కూలి లెక్కేసుకుని చాలామంది కారు అమ్మేస్తారు. వాళ్లతోపాటు ఇంజిన్ బోరు చేసే షాపు, పాత టైర్లు అమ్మేవాడు, గేటు దగ్గర టికెట్లు చింపే కాలేజీ పిల్ల, హాట్‌డాగ్ బండి పెట్టుకున్న కుటుంబం, అందరికీ శనివారం ఆదాయం పోతుంది.

2. ట్రాక్ నేల ఖాళీగా పడితే వాన దాన్ని తినేస్తుంది. ఓవల్ ట్రాక్ అంటే పళ్లెం లాంటిది. చుట్టూ గట్టు, మధ్యలో పల్లం. నీళ్లు పోవడానికి ట్రాక్ అడుగున గొట్టం ఉంటుంది. ఆకులతో, మట్టితో అది మూసుకుపోతే మధ్య మైదానం మడుగవుతుంది, గట్టు లోపలినుంచి నానుతుంది. ఇక్కడ ఏడాదికి సుమారు 45 అంగుళాల వాన పడుతుంది. ఎర్రమన్ను గట్టు మీద జనం నిటారుగా ఎక్కి దిగితే ఆ అడుగుజాడే మొదటి వానకు చిన్న కాలువ, పదో వానకు గండి. ఇంకో ముప్పు చెట్లు. గట్టు కొసన నిలిచిన పైన్ చెట్టు గాలికి కూలితే వేళ్ల పళ్లెంతో సహా బండెడు గట్టు లేచిపోతుంది. అందుకే అలాంటి చెట్టు ప్రమాదకరమని తేలితే నేల మట్టానికి కోసి మొద్దు అలాగే ఉంచాలి. మొద్దు పెకలిస్తే గాలి చేసే పనే మనం చేసినట్టు.

3. చూసినవాళ్లు పోతున్నారు. 1968లో పన్నెండేళ్ల పిల్లవాడికి ఇప్పుడు డెబ్బై దగ్గర. అతను మీ వీధిలో, మీ ఎదురింట్లో ఉండవచ్చు. మన పిల్లలు అతని పచ్చిక కోసి డబ్బులు తెచ్చుకుంటారు, ఒక్క ప్రశ్న మాత్రం అడగరు.

4. ఊరివాళ్లతో పొత్తు. "మీరొచ్చారు, మా ట్రాక్ పోయింది" అన్న మాట బయటి ఊళ్లలో వినపడటం మొదలైతే దాన్ని ఏ దీపావళి మిఠాయి డబ్బా తుడవలేదు. పిటిషన్ మీద మన ఇంటిపేర్లు వరుసగా ఉంటే అది ఎవరి పనో వేరే చెప్పక్కర్లేదు.

శబ్దం సంగతి తప్పించుకోం. చిన్న పిల్లలున్న ఇంట్లో శనివారం రాత్రి పదింటికి ఇంజిన్ల హోరు కష్టమే. కానీ కష్టానికి కొలత ఉంది. మఫ్లరు తప్పనిసరి చేసిన చాలా ట్రాక్‌ల పరిమితి 100 అడుగుల దూరంలో 95 డెసిబెల్స్. దూరం రెట్టింపైన ప్రతిసారీ దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 200 అడుగుల దగ్గర 89, 400 దగ్గర 83, 800 దగ్గర 77, 1,600 దగ్గర 71, 3,200 అడుగుల దగ్గర 65. ఇది ఒక కారుకి, అడ్డం లేని నేల మీద. ఇరవై కార్లు కలిస్తే పెరుగుతుంది, మధ్యలో మట్టి కట్ట ఉంటే తగ్గుతుంది. చెట్లు మీరనుకున్నంత ఆపవు. దట్టమైన అడవి వంద అడుగుల మందం ఉంటే ఐదు డెసిబెల్స్ అటూ ఇటూ, అంతే. ఇంకొకటి. ఆకాశం తేటగా ఉండి నేల చల్లబడ్డ రాత్రి శబ్దం కిందికి వంగి దూరం పోతుంది. అదే ట్రాక్, అదే కార్లు, ఒక వారం వినపడి ఒక వారం వినపడకపోవడానికి కారణం అదే. ట్రాక్‌వాడు మాట తప్పాడని అప్పుడే తీర్మానించకండి.

ఇక మా కోరికలు. నెరవేర్చడానికి ఏదీ పెద్ద ఖర్చు కాదు.

సంఘాల పెద్దలకు:

1. ఏటా ఒకసారి, జనవరి ఫిబ్రవరిల్లో, హిల్స్‌బరో ట్రాక్ నడక పెట్టండి. ఆకు రాలిన కాలంలోనే గట్టు ఆకారం పూర్తిగా కనపడుతుంది. జట్టుకు ఇరవై ఐదుగురికి మించొద్దు. కార్లు తిరిగినట్టే ఎడమ చేతి వైపు తిరుగుతూ నడవండి. బాట వదిలి గట్టు ఎక్కనివ్వకండి. మేకు, రేకుముక్క, సీసా మూత ఏది దొరికినా అక్కడే ఉంచమని పిల్లలకు ముందే చెప్పండి. అది ఎక్కడ పడి ఉందన్నదే దాని విలువలో సగం. ఎండాకాలంలో వెళ్తే ప్యాంటు సాక్సులో దోపుకుని, తిరిగొచ్చాక టిక్‌ల (పిడుదుల) కోసం ఒళ్లు చూసుకోవాలి. కార్తీక వనభోజనాలకు మాత్రం ఆ చోటు ఎంచుకోకండి. అక్కడ ఉసిరి చెట్టూ లేదు, మూడొందలమంది తొక్కితే తట్టుకునే గట్టూ లేదు.

2. పండగ సంచికలో ఆ ఒక్క పేజీ వేయండి. చుట్టు పొడవు, ఏళ్లు, ఎలా వెళ్లాలి, ఏం చేయకూడదు. రాసి సిద్ధంగా ఉంచాం.

3. పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేసే పని యువజన విభాగానికి అప్పగించండి. ఫ్రిజ్, ఏసీ చప్పుడు లేని గది, ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో, మనిషి నోటికి రెండు జానల దూరంలో. ముందుగా పేరు, తేదీ, "ఇది భద్రపరచడానికి ఒప్పుకుంటున్నాను" అన్న మాట రికార్డు కావాలి. నలభై నిమిషాలు దాటితే ముసలివాళ్లు అలసిపోతారు. "ఎలా అనిపించింది" అని అడగకండి, అందరూ బాగుండేదంటారు. టికెట్ ఎంత, బండి ఎక్కడ పెట్టేవాళ్లు, ఏ గట్టు మీద నిలబడ్డారు, దుమ్ముకు ముఖానికి ఏం కట్టుకున్నారు, ఇంటికి ఏ దారిన వెళ్లేవాళ్లు అని అడగండి. అప్పుడు అసలు సంగతులు వస్తాయి. ఫొటోలు ఇస్తే 600 డీపీఐలో స్కాన్ చేసి అసలువి అదే రోజు తిరిగివ్వండి. వెనక పేర్లు రాయాల్సి వస్తే మెత్తటి పెన్సిల్‌తోనే, ఇంకు ముందువైపుకు దిగుతుంది. కాపీలు రెండు. ఒకటి ఆ కుటుంబానికి, ఒకటి కౌంటీ గ్రంథాలయానికి. సంఘం అధ్యక్షుడి ల్యాప్‌టాప్‌లో ఉంచితే పదవీకాలంతోపాటే పోతుంది.

హెచ్‌ఓఏ బోర్డు సభ్యులకు:

4. శబ్దం మీద ఏ తీర్మానమైనా కొలత తర్వాతే. వేర్వేరు శనివారాల్లో కనీసం మూడు సార్లు, పందేలు లేని ఒక శనివారం ఒకసారి కొలవండి. ఆ నాలుగోది లేకపోతే హైవే హోరు కూడా ట్రాక్ లెక్కలోనే పడుతుంది. శబ్దం కొలిచే మీటరును 'ఏ' వెయిటింగ్‌లో (మనిషి చెవి వినే తీరుకు సరిచేసిన కొలత), 'స్లో' సెట్టింగులో పెట్టి, గోడకు పదడుగులైనా దూరంగా, నేలకు ఐదడుగుల ఎత్తున పట్టుకోవాలి. ఫోన్ యాప్‌లు కొన్ని డెసిబెల్స్ అటూ ఇటూ చూపిస్తాయి, ఫిర్యాదుకు అవి చాలవు. గాలి దిక్కు, ఆకాశం ఎలా ఉందో పక్కనే రాసుకోండి.

5. ఆ కాగితం పట్టుకుని ముందు ట్రాక్ యజమాని దగ్గరకు వెళ్లండి, కౌంటీకి తర్వాత. మూసేయమని అడగకండి. ఆఖరి పందెం ఎన్ని గంటలకు ముగుస్తుందో రాతపూర్వకంగా అడగండి, మఫ్లరు తనిఖీ గేటు దగ్గరే చేయమనండి, మీ వైపు మట్టి కట్ట పెంచమనండి, సీజన్ మొత్తం తేదీలు ముందే ఇవ్వమనండి. తేదీలు చేతికొస్తే సగం గొడవ తగ్గుతుంది. బారసాల ఆ శనివారం పెట్టుకోకుండా ఉండొచ్చు.

6. రూజ్‌మాంట్ దగ్గర ఆరెంజ్ కౌంటీ స్పీడ్‌వే ఉంది, చుట్టు మైలులో మూడెనిమిదో వంతు. రాలీ దగ్గర వేక్ కౌంటీ స్పీడ్‌వే ఉంది, పావు మైలు. పిటిషన్ మీద సంతకం పెట్టేముందు ఒక్క రాత్రి ఏదో ఒకదానికి పిల్లలతో వెళ్లి కూచోండి. చెవులకు ఇయర్‌మఫ్‌లు మర్చిపోవద్దు, చిన్న పిల్లలకైతే తప్పనిసరి.

ఇళ్లు చూపించే ఏజెంట్లకు:

7. ట్రాక్ ఉన్న ప్రాంతంలో ఇల్లు చూపించేటప్పుడు ఆదివారం మధ్యాహ్నంతో సరిపెట్టకండి. సీజన్‌లో ఒక శనివారం రాత్రి తొమ్మిదింటికి కొనేవాళ్లను పెరట్లో నిలబెట్టండి. వద్దనుకుంటే అప్పుడే వద్దనుకుంటారు. ఈ రాష్ట్రంలో పాత ఇల్లు అమ్మేవాడు వెల్లడి పత్రం ఇవ్వాలి, కానీ "ఏమీ చెప్పను" అని గుర్తు పెట్టే వీలు అతనికుంది. ఎవరూ కాపురం ఉండని కొత్త ఇంటి తొలి అమ్మకానికి ఇంటి పరిస్థితి వెల్లడి అక్కర్లేదు. మనవాళ్లు ఎక్కువగా కొనేది కొత్త ఇళ్లే. అంటే చెప్పేవాడు మీరు తప్ప ఇంకెవరూ లేరు.

8. పాత ట్రాక్ నేల మీద లేచిన వెంచరు అయితే, అందులో కూరగాయల మడి వేయాలనుకునేవాళ్లకు ముందు మట్టి పరీక్ష చేయించమని చెప్పండి. సీసానికి ఒకటి, నూనెలకు ఒకటి, రెండూ వేర్వేరు పరీక్షలు. మామూలుగా ఎరువు కోసం చేసే మట్టి పరీక్షలో నూనె బయటపడదు. పైన ఆరు అంగుళాల మన్ను పెరట్లో నాలుగైదు చోట్ల తీసి కలిపి ఇవ్వాలి. తేడా తేలితే తోటకూర నేలలో వద్దు, పెట్టెలు కట్టి కొత్త మన్ను పోసుకుని అందులో వేసుకోవాలి.

9. ఆ వెంచరులో వీధులకు పేరు పెట్టే అవకాశం మీకో, మీ బిల్డరుకో వస్తే 'మేపుల్', 'విల్లో' ఎలాగూ ప్రతి ఊళ్లో ఉన్నాయి. ఒక వీధికి ట్రాక్ పేరు పెట్టించండి.

మా వైపు నుంచి నాలుగు పేజీల తెలుగు కరపత్రం, నడక పటం, శబ్దం కొలిచే కాగితం నమూనా తయారుగా ఉన్నాయి. అడిగినవాళ్లకు ఉచితంగా ఇస్తాం, నడకకు మేమే వెంట వస్తాం. పండగ సంచికకు ఇంకా సమయం ఉంది కాబట్టి ఉగాదిలోపు అవునో కాదో ఒక్క ముక్క రాయండి. కాదంటే కారణం కూడా రాయండి, దానికి తగ్గట్టు మార్చుకుంటాం. జవాబు రాకపోతే ఆ పేజీ మేమే అచ్చువేసి, ఉగాది రోజు మీ హాలు బయట పచ్చడి పంచే బల్ల పక్కన నిలబడి పంచుతాం.

ఇట్లు,
పాత ట్రాక్‌ల ఆనవాళ్లు నమోదు చేస్తున్న కొందరు ట్రయాంగిల్ తెలుగువాళ్లం